రెండో డబ్బా తూటాలు

బఫలో, వయోమింగ్
1961 మార్చి 9

ఆర్విడ్ బావగారికి,

లైల్ రాస్తున్నాడు. సిగ్రిడ్ పోయిన ఈ నాలుగేళ్లలో మీకు రాయడం ఇది రెండోసారి. మొదటిసారి సమాధి రాయి మీద ఏం చెక్కించాలని అడిగాను. దానికి మీరిచ్చిన జవాబు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అయినా రాస్తున్నానంటే అవసరం ఎంతటిదో మీకే తెలుస్తుంది.

మీ నాన్నగారిది, తర్వాత సిగ్రిడ్ కాల్చిన రైఫిల్ సంగతి. సెప్టెంబరులో మా జిల్లా క్లబ్బు వాళ్లు సిగ్రిడ్ పేరు మీద పోటీ పెడుతున్నారు. ఆవిడ వరసగా మూడేళ్లు గెలిచిన పోటీయే, ఇకనుంచి ఆవిడ పేరుతో జరుగుతుంది. అందులో ఆవిడ రైఫిల్ మోగాలని నా కోరిక. అంగట్లో తూటాలు దానికి పడటం లేదు. రెండు వందల గజాల నుంచి అయిదు కాలిస్తే భోజనం పళ్లెమంత మేర చెదిరిపోతున్నాయి. మూడు రకాలు మార్చి చూశాను, మూడూ అంతే.

ఆవిడ బతికున్నప్పుడు తూటాలు మీరే కట్టి పంపేవారు. ఆ రైఫిల్‌కి ఏం కావాలో మీకంటే తెలిసినవాళ్లు లేరు. మళ్లీ కట్టి పెడతారా? మీరు నన్ను ఏమన్నా పడతాను, ముందే చెబుతున్నాను.

లైల్ ప్రూయెట్

*

లూయిస్‌టౌన్, మాంటానా
మార్చి 20

లైల్,

నీ ఉత్తరం అందింది. దాణా కొట్టు బిల్లు కాగితం వెనక రాశావు. రెండు వైపులా చదివాను. తెలివైన మాటలన్నీ అచ్చు వేసిన వైపే ఉన్నాయి.

అంగడి తూటాలు పడటం లేదని ఇప్పటికి కనిపెట్టావన్నమాట. అంగడి తూటా దేశంలో ఉన్న ప్రతి తుపాకీలోనూ దూరాలి. అందుకే ఏ ఒక్కదానికీ సరిగ్గా సరిపోదు. నువ్వు తొడుక్కునే రెడీమేడ్ ప్యాంటు లాంటిది. నడుం దగ్గర బెల్టుతో బిగించుకుని, కాళ్ల దగ్గర మడత పెట్టుకుని, బాగానే ఉందనుకుంటావు. ఒకే కొలిమిలో ఒకే రోజు పుట్టిన రెండు రైఫిళ్లకి కూడా ఒకే తూటా నప్పదయ్యా. గొట్టంలో గుండుని తిప్పే గాట్లు ఎక్కడ మొదలవుతాయి, తూటా కూర్చునే గది ఎంత వదులుగా ఉంది, ఎంత తుపాకీ మందుకి గొట్టం తక్కువ వణుకుతుంది, ఇవన్నీ చూసుకుని ఒక్కో పలుకూ తూచి కట్టాలి. ఇవన్నీ నీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు.

కడతాను. నీ కోసం కాదు, నా చెల్లెలి పేరు పెట్టిన పోటీలో నా చెల్లెలి రైఫిల్ నవ్వులపాలు కాకూడదని. ఆ రైఫిల్‌లో కాల్చిన ఖాళీ ఇత్తడి గుల్లలు ఇరవై పంపు. కడగొద్దు, తుడవొద్దు, ముట్టుకోవడం కూడా తగ్గించు. గుల్ల చూస్తే గది కొలత నాకు తెలుస్తుంది. గురిపెట్టి కాల్చిన అట్ట కూడా పంపు. మందు ఎంత పోస్తున్నానని మాత్రం అడగొద్దు. అది చెప్పినా నీకు అర్థం కాదు.

అయినా కాల్చేది నువ్వేనా? దేవుడే దిక్కు. నీ కూతురు మాత్రం కాదు కదా? పదిహేనేళ్లప్పుడు నా ముందు కాల్చింది. ట్రిగ్గర్ నొక్కకముందే రెండు కళ్లూ మూసుకుంది. అది ఇంకా ఆ స్కూలు బస్సే నడుపుతోందా? అప్పుడైనా కళ్లు తెరుస్తోందా?

ఆర్విడ్ హోల్మ్

*

బఫలో
ఏప్రిల్ 4

బావగారూ,

గుల్లలు ఇరవై, అట్ట ఒకటి పంపుతున్నాను. కాల్చేది నేనే.

తిట్లు పడతానన్నాను, పడ్డాను. మా మార్నాని మాత్రం వదిలేయండి. ఆ రోజు మీరు నలుగురి ముందు అన్న మాట తర్వాత అది మీ ఊరు రావడమే మానేసింది. నలభై ఏళ్లు ఊరందరి గడియారాలూ విప్పి చూసిన మా అన్నకి తన ఇంట్లో టైమెంతయిందో తెలియదని సిగ్రిడ్ అనేది. మీ ఆవిడ గ్రెటా గారు సూట్‌కేసు సర్దుకుంటుంటే కూడా మీరు త్రాసు ముందు కూర్చుని మందు తూస్తున్నారట కదా. ఆవిడ వెళ్లిన సంగతి భోజనానికి లేచినప్పుడు తెలిసిందట.

ఇకమీదట కొత్త కాగితం మీదే రాస్తాను.

లైల్

*

లూయిస్‌టౌన్
ఏప్రిల్ 22

లైల్,

గ్రెటా వెళ్లింది ఉదయం పదకొండింటికి. నేను చూశాను. లేవలేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. దాణా అమ్ముకునేవాడికి అంత తేడా అక్కర్లేదులే.

గుల్లలు చూశాను. ప్రతి గుల్లకీ మెడ సన్నబడే చోట, భుజం కింద, వెంట్రుకంత సన్నగా ఒక గీత ఉంది. మా నాన్న ఒకసారి విరిగిన ఇనప కడ్డీతో తూటా గది శుభ్రం చేశాడు, లోపల గోడ గీరుకుపోయింది. అప్పట్నుంచీ ఆ రైఫిల్ కాల్చిన ప్రతి గుల్ల మీదా ఆ గీత పడుతుంది. సంతకం లాంటిది. అది చూసి కాసేపు పని ఆపేశాను. అంతకంటే నీకు చెప్పను.

ముప్ఫై ఏళ్లు కాల్చిన గొట్టం. గాట్ల మొదలు అరిగిపోయి చాలా ముందుకి జరిగింది. అంగడి తూటాలో గుండు పొట్టిగా కూర్చుంటుంది, గాట్లని అందుకునేలోపే తప్పతాగినవాడిలా తూలుతుంది. అందుకని నేను గుండుని గుల్లలోంచి బాగా పైకి ఉంచి కట్టాను. దాని ముక్కు సరిగ్గా గాట్ల అంచుకి తగులుతుంది, అంతే. కాగితం మందం తేడా కూడా ఉండదు.

మొదటి డబ్బా ఇరవై. మందు మెత్తగానే పోశాను. కాల్చి అట్ట పంపు. ఖాళీ గుల్లలు నాకు తిరిగి రావాలి. అవి చూడకుండా ముందుకి వెళ్లేవాడు తూటాలు కట్టకూడదు.

ఆర్విడ్

*

బఫలో
మే 28

బావగారూ,

మీ నోరు ఎలాంటిదైనా మీ చేతికి దణ్ణం పెట్టాలి. మొదటి అయిదూ కోడిగుడ్డు కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి. అట్ట పంపుతున్నాను, మీరే చూడండి. క్లబ్బులో వాళ్లు వచ్చి చుట్టూ మూగారు. మీ పేరు చెప్పాను. ఆర్విడ్ హోల్మ్ ఇంకా బతికే ఉన్నాడా అని ఒకాయన అడిగాడు.

ఇంకే ఇబ్బందీ లేదు. గుల్లలు ఈసారి వేయడం మరిచిపోయాను, తర్వాత పంపుతాను.

లైల్

*

లూయిస్‌టౌన్
జూన్ 12

లైల్,

కోడిగుడ్డు పొద్దున్నే తినడానికి బాగుంటుంది. పోటీకి పనికిరాదు. నాకు నాణెం కావాలి. అయిదు గుళ్లూ ఒక నాణెం కింద.

అట్ట చూశాను. ఒక్క మాట ఒప్పుకోవాలి. చెయ్యి బాగుంది. నీ చెయ్యి అంత బాగుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. మూడోదీ నాలుగోదీ ఒకే చిల్లులోకి వెళ్లాయి. ఇన్నాళ్లూ నీకు తుపాకీ ఎటు పట్టుకోవాలో తెలియదని చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు ఇంకోటి వెతుక్కోవాలి.

గుల్లలు మరిచిపోయావట. నేను చెప్పింది ఒకే ఒక్క పని, అదే మరిచిపోయావు. సరే, గది నాకు తెలుసు, మా నాన్న గది. అవి లేకుండానే రెండో డబ్బా కట్టాను. గుండు అంతే పైకి. మందు మాత్రం ఈసారి నిండుగా పోశాను. సిగ్రిడ్‌కి పోసినదానికంటే కాస్త ఎక్కువే. కొలతల పుస్తకంలో ఆఖరి గీత ఒకటి ఉంటుంది, అక్కడ ఆగమంటుంది. ఆ పుస్తకం పిరికివాళ్ల కోసం, కోర్టులకి భయపడే కంపెనీల వాళ్లు వేస్తారు. మా నాన్న గొట్టం వదులు, అది ఇంకా తాగుతుంది.

మొదటి డబ్బా గుల్లలు మాత్రం పంపి తీరాలి.

ఆర్విడ్

*

బఫలో
జూలై 6

మామయ్యకి,

నేను మార్నాని. భయపడకండి, కళ్లు తెరిచే రాస్తున్నాను.

మీరు అడిగిన గుల్లలు నాన్న రోజూ మరిచిపోతున్నాడు. కొట్లో మేకుల డబ్బా వెనక కనిపించాయి. పోస్టాఫీసుకి ఎలాగూ వెళ్తున్నాను కాబట్టి నేనే కట్టి పంపేస్తున్నాను. రెండో డబ్బా ఇంకా విప్పలేదు. ఆదివారం చర్చి అయ్యాక కాలుస్తాం.

మార్నా

*

టెలిగ్రాం
లూయిస్‌టౌన్, జూలై 9

రెండో డబ్బా కాల్చొద్దు. ఒక్కటి కూడా కాల్చొద్దు. ఆర్విడ్.

*

లూయిస్‌టౌన్
జూలై 9, ఆదివారం

లైల్,

టెలిగ్రాం ఇచ్చాను. అయిదుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు.

మార్నా పార్సెల్ నిన్న మధ్యాహ్నమే వచ్చింది. దాణా కొట్టు నుంచి వచ్చింది కదా, దానికి తొందరేముందని బల్ల మీద పడేశాను. ఇవాళ కాఫీ తాగుతూ విప్పాను. ఇరవై గుల్లలు. ఒక్కదాని మీద కూడా గీత లేదు. కొలిచాను. మెడ బిగువు, గది బిగువు. మూడింటి మీద గుండు ముక్కు గాట్లలోకి గట్టిగా దిగబడి, గదిని వెనక నుంచి మూసే బోల్టు రుద్దుకున్న గుర్తులున్నాయి. ఇవి మా నాన్న గొట్టంలో కాలినవి కావు. ఇంకేదో కొత్త గొట్టం.

ఏప్రిల్‌లో నువ్వు పంపిన గుల్లలు ఎక్కడివి? మా నాన్న రైఫిల్ ఏది? అమ్మేశావా? బంగాళాదుంపలకి మార్చుకున్నావా? నీలాంటివాడి చేతికి దాన్ని ఇచ్చిన రోజున నా తెలివి ఏమైందో. నువ్వు అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా చేతకానివాడివి.

అదంతా తర్వాత. ఆ డబ్బా తీసుకెళ్లి నీళ్లలో పడేయి. అది అరిగిన గొట్టం కోసం కట్టింది. కొత్త గొట్టంలో గుండు కదలడానికి చోటుండదు, ఆ మందుకి దారి దొరకదు. వెనక్కి తన్నుతుంది. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. అందకముందే చెయ్యి.

ఆర్విడ్

*

ఆసుపత్రి, షెరిడన్
జూలై 12

ఆర్విడ్,

నీ టెలిగ్రాం మా తలుపు సందులో దొరికింది. దొరికేసరికి ఆదివారం సాయంత్రం ఆరయింది. మార్నాని ఇక్కడ చేర్చి, దాని బట్టల కోసం ఇంటికి వెళ్లినప్పుడు.

కాల్చింది మార్నా. మొదట్నుంచీ అదే. ఆ అట్టలన్నీ దానివే. మూడోదీ నాలుగోదీ ఒకే చిల్లులోకి పంపింది అదే. నీకు చెబితే తూటాలు కట్టవని, కట్టినా దాని మీద ఏదో ఒకటి వాగుతావని చెప్పలేదు.

మొదటి తూటా గట్టిగా తన్నింది. బోల్టు తెరవడానికి అరచేత్తో కొట్టాల్సి వచ్చింది. ఆగుదామా అన్నాను. మామయ్య కట్టినవి కదా నాన్నా, ఆయనకి తెలుసులే అంది. రెండోది పేలింది. పొగ ముందుకి పోలేదు, వెనక్కి వచ్చింది. నిప్పుతో పాటు ఇత్తడి రవ్వలు మొహం మీదకి కొట్టాయి. బస్సు నడిపేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి కన్ను మిగిలింది. ఎడమ అద్దం పొడయిపోయింది. దవడ ఎముక మీద ఏడు కుట్లు. కుడి చెవిలో ఏదో మోగుతూనే ఉందట, ఎప్పుడు ఆగుతుందో డాక్టరు చెప్పలేనన్నాడు. నేను దాన్ని ఎత్తుకుని ట్రక్కు దాకా పరిగెత్తాను. అరవై ఒక్క ఏళ్లవాడిని. దారిలో అది ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఇప్పుడు నా అబద్ధం విను. రైఫిల్ అదే. గొట్టం మార్చాను. సిగ్రిడ్ పోయాక దాన్ని చూడలేక నేలమాళిగలో పెట్టేశాను. ఆ వసంతంలో వాగు పొంగి నీళ్లు నిండాయి. తీసేసరికి గొట్టం లోపలంతా తుప్పు. ఇక్కడ షెరిడన్‌లో ఒకతని చేత కొత్త గొట్టం వేయించాను. ఏప్రిల్‌లో నీకు పంపినవి సిగ్రిడ్ దాచుకున్న పాత గుల్లలు. మొదటి డబ్బా కాల్చినప్పుడే బోల్టు మూయడానికి బరువుగా ఉందని మార్నా చెప్పింది. నీకు రాయలేదు.

ఎందుకు రాయలేదో కూడా విను. సమాధి దగ్గర, పాస్టర్ ఇంకా అక్కడే ఉండగా, నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా? "మా చెల్లెల్ని ఎలాగూ చూసుకోలేకపోయావు, ఆ రైఫిల్‌నైనా సరిగ్గా చూసుకో." ఆ మాట అన్నవాడికి గొట్టం తుప్పు పట్టించానని ఎలా రాయమంటావు?

నా తప్పు నేను మోస్తాను. ఇక నీది. ఇరుక్కుపోయిన బోల్టుని తుపాకులు బాగుచేసే అతను సుత్తితో కొట్టి తీశాడు. మిగిలిన తూటాల్లో మూడు విప్పి మందు తూచాడు. పుస్తకం ఆఖరి గీత కంటే రెండున్నర గ్రెయిన్లు ఎక్కువట. ఇవి ఏ తుపాకీలో అయినా కాల్చాల్సినవి కావు, వీటిని కట్టిన మనిషి ఎవరని అడిగాడు. నాకు సిగ్గేసింది. మా బావ అని చెప్పాను.

లైల్

*

బఫలో
సెప్టెంబరు 18

మామయ్యకి,

జూలై నుంచి మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నాన్న రోజూ పోస్టు పెట్టె చూసి వస్తున్నాడు. ఏం వస్తుందని చూస్తున్నాడో ఆయనకే తెలియదు.

మీ ఇద్దరి ఉత్తరాలూ చదివాను. మీవి నాన్న కొట్లో సొరుగులో ఉన్నాయి. నాన్న రాసినవాటికి ఆయన దగ్గర చిత్తు ప్రతులున్నాయి, పాపం, మీకు రాసేముందు రెండేసి సార్లు రాసుకునేవాడు. వరసగా కూర్చుని చదివితే నాకు నవ్వొచ్చింది, దవడ నొప్పి పుట్టేదాకా. వయసొచ్చిన మగాళ్లిద్దరు. ఒకాయన తిట్లకి భయపడి గొట్టం మారిందని చెప్పడు. ఇంకొకాయన గొప్పకి పోయి మందు ఎంత పోశాడో చెప్పడు. ఇద్దరూ కలిసి కాగితం మందం తేడా లేకుండా తూటాలు కడతారు. వాటిని నా బుగ్గకి ఆనించుకుని నేను కాల్చాలి.

మీ లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయట మామయ్యా. ఆ తుపాకీ అతనే అన్నాడు, ఇంత సమానంగా తూచిన మందు నేనెప్పుడూ చూడలేదని. విప్పిన మూడు తూటాల్లోనూ వెంట్రుకవాసి తేడా లేదట. అన్నీ ఒకేలా తప్పు.

పదిహేనేళ్లప్పుడు కళ్లు మూసుకున్నానన్నారు. నిజమే. మీరు వెనక నిలబడి ఉన్నారు కాబట్టి మూసుకున్నాను. తుపాకీకి భయపడి కాదు.

శనివారం పోటీ అయింది. అమ్మ రైఫిల్‌తోనే కాల్చాను. దానికి ఏ దెబ్బా తగల్లేదట, పరీక్ష చేసి ఇచ్చారు. అంగట్లో తూటాలు వాడాను, మీరు అసహ్యించుకునేవి. పదకొండు మందిలో ఏడో స్థానం. మొదటి గుండుకి ముందు లేచి వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లలేదు. శీతాకాలంలో నా తూటాలు నేనే కట్టుకోవడం నేర్చుకుంటాను. మందు తక్కువ నుంచి మొదలుపెడతాను, బోల్టు ఏం చెబితే అది రాసుకుంటాను. దానికి మీ సాయం అడగడం లేదు.

ఒక్కటి మాత్రం అడగాలి. మీరు కట్టిన తూటాలు మీ ఊళ్లో ఇంకెవరెవరు కాలుస్తున్నారు? వాళ్లందరూ మా నాన్న లాగే మీతో అంతా బాగుందని చెబుతున్నారా? వాళ్లకి మీరు ఏమైనా చెప్పారా, లేక వాళ్ల కళ్లద్దాల మీద నమ్మకం పెట్టుకున్నారా?

మార్నా

*

లూయిస్‌టౌన్
అక్టోబరు 15

మార్నాకి,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాశాను. అది మూడు పేజీలు. అందులో రెండు పేజీలు మీ నాన్న గురించే ఉన్నాయని చదువుకున్నాక తెలిసింది. చింపేశాను. తర్వాత ఇంకోటి రాశాను, అదీ అంతే.

నువ్వు అడిగినదానికి జవాబు: ఆరుగురు. నీ ఉత్తరం వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. జూలైలోనే చెప్పాల్సింది. ఆరుగురి ఇళ్లకీ వెళ్లి చెప్పడానికి ధైర్యం చాల్లేదు, ఉత్తరాలు రాశాను. ఒకే ఊళ్లో ఉండి ఉత్తరాలు. నేను కట్టిన డబ్బాలు కాల్చవద్దు, మందు గీత దాటి పోశాను, మా మేనకోడలికి దెబ్బ తగిలింది, తప్పు నాది, అని.

నలుగురు జవాబు రాశారు. అయిదో ఆయన డబ్బాలు తెచ్చి గుమ్మంలో పెట్టి తలుపు కొట్టకుండా వెళ్లిపోయాడు. ఆరో ఆయన ఓలే ట్వెయిట్. ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. ఆయన స్వయంగా వచ్చి నా వంటింట్లో కూర్చున్నాడు. మూడేళ్ల కిందటే తన రైఫిల్‌లో బోల్టు ఇరుక్కుందట. అప్పట్నుంచీ నేనిచ్చిన ప్రతి డబ్బానీ విప్పి, మందు పెరట్లో పారబోసి, తక్కువ మందుతో మళ్లీ కట్టుకుని కాలుస్తున్నాడట. మొన్న వసంతంలో ఆయన గెలిచినప్పుడు నా తూటాల గొప్ప అది అని ఊరంతా చెప్పుకున్నాను. ఆయన పక్కనే నిలబడి తల ఊపాడు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"నీతోనా?" అన్నాడు. అంతే. కాఫీ తాగేసి కప్పు కడిగి పెట్టాడు. ఇంకేమైనా అంటాడేమోనని ఎదురుచూశాను. ఆయన అనాల్సింది అనేశాడని తర్వాత అర్థమైంది.

త్రాసు తీసి అలమారలో పెట్టాను. ఓలే అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటున్నాడు. నేను మాట్లాడకుండా ఉండటం చూసి నా ఒంట్లో బాగుందా అని రెండుసార్లు అడిగాడు.

మీ నాన్నకి విడిగా రాస్తాను. సమాధి దగ్గర అన్న మాట గురించి. అది ఎలా రాయాలో ఇంకా తెలియడం లేదు. కానీ రాస్తాను, ఆయనకి చెప్పు. పోస్టు పెట్టె చూడమను.

నీ చెవిలో మోత తగ్గిందా? శీతాకాలంలో తూటాలు కట్టేటప్పుడు బోల్టు ఎలా మూసుకుంటోందో, ఎలా తెరుచుకుంటోందో, గుల్ల మీద ఏ గుర్తు పడుతోందో నీకు రాయాలనిపిస్తే రాయి. సాయం అడగడం లేదన్నావు, నేనూ చేస్తానని అనడం లేదు. చదువుతాను, అంతే. చదివాక వారం దాకా జవాబు పంపను, మొదట రాసేవి చింపేయాలి కదా.

మామయ్య